యజమానురాలు: పదార్థ విచారము

స్త్రీకి చెందిన ఆస్తికి తెలుగున పేర్లకు కొదువ లేదు. శాస్త్రగ్రంథములలో స్త్రీధనము, పెద్దల మాటలలో అరణము, పల్లెలలో పసుపుకుంకుమ. పెండ్లినాడు కూతునకు ఎకరమో అర ఎకరమో ఇచ్చి, అది ఆమె పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన భూమి యని చెప్పుట తెలుగునాట నేటికిని వినవచ్చు మాటయే. అయితే ఆ భూమి గల స్త్రీని ఏమనవలెను అన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రము భాష తడబడుచున్నది. ఆస్తికి ఇన్ని పేర్లు పెట్టిన జాతి ఆస్తి గలదానికి ఒక్క నిశ్చితమైన పేరు పెట్టలేదా? పెట్టినది. ఆ పేరు యజమానురాలు. చిక్కేమనగా, ఆ పేరు పలికినప్పుడు వినువారికి ఆస్తి గల స్త్రీ తోచునో, ఆస్తి గలవాని భార్య తోచునో నిర్ణయించి చెప్పుట కష్టము.

అద్దె ఇంట నుండువాడు "మా ఇంటి యజమానురాలు వచ్చినది" అన్నప్పుడు ఆ యిల్లు ఆమె పేర నున్నదని ఎవరును రూఢిగా తలపరు. ఆమె పేర నుండవచ్చును; ఆమె భర్త పేర నుండవచ్చును; కుమారుని పేరనైనను ఉండవచ్చును. అదే "యజమాని వచ్చినాడు" అన్నచో ఇట్టి సందేహము పుట్టదు. ఒకే ధాతువునుండి వచ్చిన రెండు మాటలలో పురుషవాచకము హక్కును చెప్పుచుండగా, స్త్రీవాచకము సంబంధమును మాత్రమే చెప్పుచున్నది. ఇది వ్యాకరణము వలన కలిగిన లోపమా, వాడుక వలన కలిగిన లోపమా అని విచారింపవలసి యున్నది.

సంస్కృత వ్యాకర్తలు ఈ భేదమును ఏనాడో గుర్తించిరి. స్త్రీకి ఒక పేరు రెండు విధములుగా రావచ్చును. తాను చేయు పని వలన, తన యోగ్యత వలన వచ్చినచో అది స్వతః వచ్చిన పేరు. భర్త పేరును బట్టి వచ్చినచో అది పుంయోగము వలన వచ్చిన పేరు. చిన్ననాట అమరకోశము వల్లె వేసినవారికి ఇది క్రొత్త మాట కాదు. తాను స్వయముగా బోధించునది ఆచార్య. ఆచార్యుని భార్య ఆచార్యాని. రెండింటికిని రూపభేదము కలదు గనుక చదువరికి భ్రాంతి కలుగదు. తెలుగున ఇట్టి రూపభేదము లేదు. అట్లని తెలుగు వ్యాకరణము ఈ విషయమున మౌనము వహించినదని తలపరాదు.

యజమానురాలు అను రూపము ఎట్లు సిద్ధించినదో చూడుడు. యజమాన శబ్దమునకు ఆలు పరమైనది. చివరి అత్వము ఉత్వమైనది. నడుమ రుగాగమము వచ్చినది. గుణవంతురాలు, ధీరురాలు అనునవి సిద్ధించిన త్రోవయే ఇది. పేదరాలు, మనుమరాలు మొదలగు వానికిని రుగాగమమే. ఉన్నత పాఠశాలలో సంధులు చదువు ప్రతి బాలికకును ఈ ఉదాహరణములు కంఠస్థములు. అయితే చిన్నయసూరి ఈ కార్యమును కర్మధారయమున విధించెనన్న సంగతిని పాఠములలో త్వరగా దాటిపోవుదురు. ఇచ్చటి కీలకమంతయు ఆ ఒక్క మాటలో నున్నది. కర్మధారయమగుటచే పేదరాలు అనగా పేదయైన స్త్రీ. పేదవాని భార్య కాదు. గుణవంతురాలు అనగా గుణము గల స్త్రీ. గుణవంతుని పెండ్లాడిన స్త్రీ కాదు. మనుమరాలు మనుమని భార్య యని ఎవరైన అనిరా? కనుక యజమానురాలు అనగా యజమానియైన స్త్రీ యనియే వ్యాకరణము చెప్పుచున్నది. యజమానుని యొక్క ఆలు అని షష్ఠీతత్పురుషముగా విప్పుట ఈ సూత్రమునకు సమ్మతము కాదు. ఆలు అను మాటకు స్త్రీ యనియు భార్య యనియు రెండర్థములు గలవు గనుక, విగ్రహవాక్యమున మొదటి దానిని విడిచి రెండవ దానిని పట్టుకొనుట వలన ఈ పొరపాటు పుట్టినది.

ఇందుకు పల్నాటి చరిత్రలోనే గట్టి సాక్ష్యము కలదు. నలగామరాజు కొలువున మంత్రిత్వము నెరపిన నాగమ్మను లోకము నాయకురాలు అనెను. ఆమెను మెచ్చినవారును, ఆమెపై దోషమంతయు మోపినవారును ఆ బిరుదమును మాత్రము పుంయోగముగా గ్రహింపలేదు. ఏ నాయకుని భార్య యని ఎవరును అడుగలేదు. నాయకురాలు అన్న మాటకు దక్కిన న్యాయము యజమానురాలు అన్న మాటకు ఏల దక్కకపోయెను? అధికారము ఆమె చేతిలో నుండుట నలుగురును కన్నులార చూచిరి. ఆస్తి ఆమె చేతిలో నుండుట చూచినవారు తక్కువ. పదమునకు అర్థము నిఘంటువు ఇచ్చుటకు ముందే లోకము ఇచ్చును.

యజమాన శబ్దపు మూలమును చూచినను ఇదే తేలును. తన ఫలము కొరకు యజ్ఞము చేయించుకొనువాడు యజమానుడు. ఋత్విజులకు దక్షిణ ఇచ్చువాడు అతడే గనుక ద్రవ్యము గలవాడు, ఆ పైని ఇంటికి పెద్ద, పిదప ఆస్తికి స్వామి అను అర్థములు క్రమముగా ఏర్పడినవి. పూర్వమీమాంసలో ఆరవ అధ్యాయపు మొదటి పాదమున స్త్రీకి యజ్ఞాధికారము కలదా లేదా అను చర్చ కలదు. పూర్వపక్షి అడ్డు చెప్పినది దేనిని బట్టి? స్త్రీకి ద్రవ్యము లేదు, ఆమెయే క్రయవిక్రయములకు లోనగునది, ద్రవ్యము లేనిది యజ్ఞమెట్లు చేయును అని. జైమిని సిద్ధాంతము దీనిని త్రోసిపుచ్చినది. ఫలమును కోరుట స్త్రీపురుషులకు సమానమే. స్త్రీకిని ద్రవ్యసంబంధము కలదు. కనుక ఆమెకును అధికారము కలదు. అనగా ఈ పదము పుట్టిన చోటనే, స్త్రీ యజమాని కాగలదా అను వివాదము ఆమెకు సొత్తు కలదా అను వివాదముగా నడచినది. తీర్పు ఆమె పక్షముననే వచ్చినది. ఆ తీర్పు దంపతులు కలసి చేయు కర్మకు సంబంధించినదని, ఆ కర్మలో ఆమె పేరు పత్ని యనియే నిలిచినదని పండితులు ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణ యుక్తమే. అయినను ద్రవ్యము లేదన్న వాదము ఓడిపోయినదన్న మాట మిగులును.

ఇక ఈ పదమునకు తోడబుట్టినవి కొన్ని కలవు. స్వామిని అను మాట తద్భవమై సాని యైనది. స్వామిని యనగా సొత్తునకు అధికారిణి. ఆ సానియే దొర ప్రక్కన చేరి దొరసాని యైనప్పుడు దొర భార్య యైనది. తెల్లదొరల కాలమున వారి భార్యలకెల్ల అదియే పేరైనది. ఒంటరిగా నిలిచినప్పుడు దేవాలయములలో మాన్యములు పొంది, దానములు చేసి, శాసనములకెక్కిన స్త్రీలకు పేరై, కాలక్రమమున నింద్యార్థమునకు దిగజారినది. సొత్తు గల స్త్రీని చెప్పవలసిన మాట ఒక వైపు భార్య యైనది, మరియొక వైపు తిట్టైనది. నడుమనున్న అసలర్థము అడుగంటినది. మన భాషాచరిత్రలో ఇంతకంటె దుఃఖకరమైన అర్థపరిణామములు తక్కువ. గృహిణి మాటయు ఇట్టిదే. గృహము గలది అని దాని వ్యుత్పత్తి. ఇల్లు కనిపెట్టుకొని యుండునది అని దాని వాడుక.

రాణి అను మాటలోను ఈ సందిగ్ధతయే. కాకతీయ గణపతిదేవుని పిమ్మట రాజ్యమేలిన రుద్రమ శాసనములలో రుద్రదేవ మహారాజు అను పురుషనామముతో కనబడుట చరిత్ర చదివినవారెల్లరు ఎరిగినదే. దీనికి రాజకీయ కారణములు కలవు. అయినను భాషాదృష్టితో చూచినచో, ఏలునది అను నర్థమును సందేహమునకు తావీయక చెప్పగల స్త్రీవాచకము లేకపోవుటయు అందొక కారణమై యుండవచ్చును. రాణి యన్నచో ఏ రాజునకు రాణి యన్న ప్రశ్న వెన్నంటి వచ్చును. ఆ కుటుంబముననే గణపతిదేవుని సోదరి మైలమ బయ్యారము చెరువు త్రవ్వించి శాసనము వేయించినది. చెరువు త్రవ్వించుటకు వలయు ద్రవ్యము ఆమె చేతిలో నుండెను. ఆ ద్రవ్యము గలదానిగా ఆమెను చెప్పు పదము వాడుకలో నిలువలేదు.

తెలుగువారు తరతరములుగా నివసించు ఇతర రాష్ట్రములలో ఈ చిక్కు మరియొక రూపమున ఎదురగును. కన్నడమున యజమాన పుంలింగము, యజమాని స్త్రీలింగము. అరవమునను ఎజమాన్, ఎజమాని అని అదే భేదము. తెలుగున మాత్రము యజమాని పురుషుని చెప్పును, లేదా ఇరువురికిని వర్తించును. కర్ణాటక ప్రభుత్వము 2023లో ఆరంభించిన గృహలక్ష్మి పథకమున నెలకు 2,000 రూపాయలు పొందునది ఇంటి యజమాని. కన్నడమున అది స్త్రీయే. కన్నడ ప్రకటనను తెలుగు చెవితో విన్న ముసలివాడు ఆ సొమ్ము తనకని తలచినచో తప్పు ఆయనది కాదు. కోలారు, బళ్ళారి ప్రాంతములలో రెండు భాషలను కలసి చదువు పిల్లలు వ్యాసమున యజమాని వచ్చింది అని వ్రాసినచో దానిని తప్పుగా దిద్దుటకు ముందు, ఆ వాక్యము ఏ భాష నుండి వచ్చినదో తెలిసికొనుట మంచిది.

కన్నడమున యజమానరు అన్నచో భర్తయు నగును. మరాఠీలో యజమాన్ మాటకును ఆ యర్థము కలదు. అరవమున వీట్టుక్కారర్ ఇంటి సొంతదారుడును కావచ్చును, ఇంటి ఇల్లాలికి పెనిమిటియు కావచ్చును. ఇంటికి స్వామి, ఇల్లాలికి స్వామి ఒక్కడే యన్న భావము ఈ భాషలన్నిటను పాతుకొని యున్నది. భర్తయే యజమాని యైనప్పుడు యజమానురాలు భార్య గాక మరేమగును? మరాఠీ ఘరమాలకీణ్ కు సైతము ఈ రెండర్థముల పెనుగులాట తప్పలేదు. ఒడియాలో ఇంటి పెద్దరికము గల స్త్రీ సాంతాణి. ఫకీర్ మోహన్ సేనాపతి నవల ఛ మాణ ఆఠ గుంఠలో మంగరాజు భార్యకు అదే పేరు. భర్త పరుల భూమిని కాజేయుచుండగా ఆ సాంతాణి మాట చెల్లదు. పేరు పెద్దది, అధికారము సున్న. యానాము తెలుగువారు చిరకాలము చూచిన ఫ్రెంచి భాషలో ప్రొప్రియెతేర్ అను ఒకే రూపము స్త్రీపురుషులకు చెల్లును. ముందు చేరు ఉపపదము మాత్రమే మారును. కన్నడమున ఒడెయ మాటకు సరియైన ఒడతి కలదు. ఇది ఇరుగుపొరుగు భాషలలో మెచ్చదగిన మాట. తెలుగు కావ్యభాష ఒడయడు అను మాటను తెచ్చుకొనినది గాని, దాని జంటను నలుగురి నాలుకపై నిలుపలేకపోయినది.

ఇది కేవలము పండితుల మాటల పేచీ యని తోసివేయువారు న్యాయస్థానముల చరిత్ర చూడవలెను. కల్యాణిలో చాళుక్య విక్రమాదిత్యుని కాలమున మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు, వారసత్వము వలన, క్రయము వలన, విభాగము వలన స్త్రీకి వచ్చినదంతయు స్త్రీధనమే యని విశాలముగా వ్యాఖ్యానించెను. ఆంగ్లేయుల కాలపు తీర్పులు ఆ విశాలతను చాలవరకు కుదించివేసినవి. 1937 చట్టము వితంతువునకు భర్త యాస్తిలో భాగమిచ్చినది గాని, అది పరిమితమైన హక్కు. ఆమె అనుభవింపవచ్చును, తగిన అవసరము లేక అమ్మరాదు. మన దస్తావేజులలో హక్కుభుక్తములు అను జంటపదము కలదు. ఆమెకు భుక్తము కలదు, హక్కు సగమే కలదు. అట్టి స్త్రీని యజమానురాలు అనుట మర్యాద మాత్రమే. దస్తావేజు వ్రాయువానికి ఆ సంగతి తెలియును.

1956 హిందూ వారసత్వ చట్టపు 14వ సెక్షను ఆ పరిమితిని తొలగించి, స్త్రీ తన స్వాధీనమందలి ఆస్తికి సంపూర్ణ యజమానురాలగునని శాసించినది. మాట అర్థము తేల్చుటకు మాత్రము మరి ఇరువదియొక్క యేండ్లు పట్టినది. ఆంధ్రదేశము నుండి వచ్చిన తులశమ్మ వ్యాజ్యము ఇందుకు ప్రసిద్ధము. భర్త 1931లో గతించెను. మనోవర్తికై ఆమె పోరాడగా 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి లభించినది. జీవితాంతము అనుభవించుటకే, అమ్ముటకు కాదని ఆ రాజీలో షరతు. 1960, 1961 సంవత్సరములలో ఆమె అందు కొంత కౌలుకిచ్చి, కొంత అమ్మినది. భర్త సోదరుడు వ్యాజ్యము తెచ్చెను. హైకోర్టు ఆమె కాదనెను. 1977లో సుప్రీముకోర్టు ఆమె సంపూర్ణ యజమానురాలే యనెను: మనోవర్తి హక్కు ఆమెకు ముందే కలదు గనుక రాజీపత్రము క్రొత్తగా దయచేసినదేమియు లేదు, ఆ షరతు నిలువదు. తనదనుకొన్న చేనిని అమ్మిన వితంతువు, ఆ చేను తనదే యని అనిపించుకొనుటకు దేశమునందలి అత్యున్నత న్యాయస్థానము వరకు పోవలసి వచ్చినది. యజమానురాలు అను పదమునకు ఇంతకంటె ఖరీదైన నిర్వచనము లేదు.

కూతుండ్ర విషయమున రాష్ట్రములు వేర్వేరు వేళల కదలినవి. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో పుట్టుకతో హక్కునిచ్చు సవరణను ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు నుండి వర్తించునట్లు చేసినది; తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటకములు 1994లో ఆ త్రోవ పట్టినవి. నాటికే పెండ్లి యైన కూతుండ్రను ఈ సవరణలు విడిచిపెట్టినవి. ఒడిశా తెలుగు ఆడపడుచులు 2005 కేంద్ర సవరణ వరకు వేచియుండిరి. 2020లో సుప్రీముకోర్టు, ఆ సవరణ నాటికి తండ్రి జీవించి యుండుటతో పని లేదని తేల్చినది. వేర్వేరు రాష్ట్రములలో పుట్టిన తెలుగు ఆడపడుచులకు తమ హక్కు ఎప్పుడు పుట్టినదన్న విషయమున ఇంత గజిబిజి! పసుపుకుంకుమల క్రింద ఇచ్చినాము గనుక ఇక భాగము లేదని అన్నదమ్ములు చెప్పు వాడుక కలదు. అరవమున మంజక్కాణి, కన్నడమున అరిశిన కుంకుమ అని ఇరుగుపొరుగువారికిని ఇదే మాట యుండుట గమనింపదగినది. పసుపుకుంకుమ మాటలో సౌభాగ్యము కలదు, ప్రేమ కలదు. దస్తావేజు మాత్రము తరచుగా లేదు. ఆ భూమి కొలతలలో ఆమెది, కాగితములలో తండ్రిది.

ఇటీవల పత్రికలు మహిళా యజమాని అని వ్రాయుచున్నవి. సదుద్దేశమే గాని ఈ కూర్పు రుచింపదు. యజమాని యనగా పురుషుడే యని ముందు ఒప్పుకొని, పిమ్మట మహిళ యన్న చీటీ అంటించుట ఇది. యజమాని ఉభయలింగము గనుక స్త్రీరూపమే అనవసరమని వాదించువారును కలరు. పట్టాదారు, హక్కుదారు మాటల విషయమున వారి వాదము చెల్లును. ఆ దారు ప్రత్యయము పారసీకము. పారసీకమునకు లింగభేదము లేదు. పట్టాదారురాలు అని సాగదీయుట వలన చేకూరు లాభమేమియు లేదు. తెలుగు వాక్యమున మాత్రము క్రియాపదము ఊరకుండదు. స్త్రీవాచకము ఏకవచనమున అమహద్వాచకముతో కలసి నడచును: ఇల్లు కూలినది, ఇల్లాలు వచ్చినది. సొత్తునకును సొత్తు గలదానికిని ఒకే క్రియారూపమైన భాషలో, కర్తృపదమైనను ఆమె స్థితిని స్పష్టముగా చెప్పవలెను కదా.

కావున యజమానురాలు అను మాటను విడువ నక్కరలేదు. దాని విగ్రహవాక్యమును సరిచేసికొన్న చాలును. ఆస్తి భర్తదైనచో యజమానిగారి భార్య యని వ్రాయవచ్చును. అందు అమర్యాద లేదు. తనకు తానై అమ్ముటకు, ఇచ్చుటకు, వీలునామా వ్రాయుటకు అధికారము గల స్త్రీకే యజమానురాలు అను మాట నిలుపవలెను. బడులలో రుగాగమసంధి చెప్పునప్పుడు గుణవంతురాలి ప్రక్కన ఈ మాటను గూడ ఉదాహరణముగా చేర్చి, సమాసము పేరు అడుగవలెను. షష్ఠీతత్పురుషమని వ్రాసిన విద్యార్థికి ఒక మార్కు తగ్గును.